రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగాల పరీక్ష తెలుగులో పెట్టండి: గోదావరి డెల్టా నుంచి బహిరంగ లేఖ

కేంద్ర రక్షణ శాఖ అధికారులకు, తూర్పు నౌకాదళంలో సివిలియన్ నియామకాలు చూసే విభాగం వారికి, రాష్ట్ర ఉపాధి, నైపుణ్యాభివృద్ధి శాఖల వారికి, గోదావరి జిల్లాల ఎంపీలకు,

నమస్కారం.

నేను కోనసీమలో ఐటీఐ పిల్లలకు ఫిట్టర్ ట్రేడ్ నేర్పి రిటైరైనవాణ్ని. ఈ లేఖ రాసింది నేనే అయినా ఇందులోని మాటలు నా ఒక్కడివి కావు. పిల్లల్ని ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదివించి ఇప్పుడేం చేయాలో తెలియక కూర్చున్న తల్లిదండ్రులు చెప్పినవి కూడా ఇందులో ఉన్నాయి. ఇదే విషయం మీద ఇంతకుముందు వినతిపత్రాలు ఇచ్చాం. ఒక కార్యాలయంలో తీసుకుని స్టాంపు వేసి కాపీ ఇచ్చారు. ఇంకో చోట ఇది మా పరిధి కాదు, ఆన్‌లైన్‌లో పెట్టుకోండి అన్నారు. ఆన్‌లైన్‌లో పెడితే ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఒక ముక్క రాసి ఫిర్యాదు మూసేశారు. ఆ సంబంధిత విభాగం ఏదో మాత్రం రాయలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

తుపానులొచ్చినా గోదావరి పొంగినా సైన్యం, నేవీ చేసే సాయం మా లంక గ్రామాల వాళ్లకు బాగా తెలుసు. ఆ గౌరవంతోనే అడుగుతున్నాం.

సైన్యంలో ఉద్యోగం అనగానే మా వైపు అందరికీ పరుగు పందెం, ఛాతీ కొలత, యూనిఫాం గుర్తొస్తాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ అక్కడి కుటుంబాలు సైన్యంలోకి పిల్లల్ని పంపుతూనే ఉన్నాయి. ఆ దారి అందరికీ తెలిసిందే. యూనిఫాం వేసుకోకుండా సైన్యానికి పనిచేసే దారి ఇంకొకటి ఉందన్న సంగతే చాలా ఇళ్లకు తెలియదు.

విశాఖ నేవల్ డాక్‌యార్డులో ఓడ మరమ్మతుకు వచ్చిందంటే దాని మీద పనిచేసే వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, ఓడ కట్టుబడి పని చేసే షిప్‌రైట్‌లు నావికులు కారు, సివిలియన్ ఉద్యోగులు. ఆయుధ డిపోల్లో, స్టోర్లలో పనివాళ్లకు సాయంగా ఉండే ట్రేడ్స్‌మ్యాన్ మేట్లు, ఫైర్‌మన్లు, ఫైరింజన్ డ్రైవర్లు ఉంటారు. వాళ్ల మీద చార్జ్‌మన్లు, డ్రాఫ్ట్స్‌మన్లు, సైంటిఫిక్ అసిస్టెంట్లు. ఇది నేవీ సంగతి. ఆర్మీ కట్టడాలు చూసే ఎంఈఎస్, సికింద్రాబాద్‌లో కేంద్రం ఉన్న ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్, కొండల్లో రోడ్లు వేసే బీఆర్‌ఓ, డీఆర్‌డీఓ ల్యాబులు, వీటన్నిటిలోనూ ఇలాంటి కొలువులున్నాయి. ఏడో వేతన సంఘం నివేదిక నాటికి దేశంలో రక్షణ శాఖ సివిలియన్లు సుమారు 4 లక్షల మంది. 2021 అక్టోబరు 1న 41 ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను 7 కంపెనీలుగా మార్చాక ఆ లెక్క మారింది. మారినా, ఒక జిల్లా కుర్రాళ్లకు అది చిన్న సంఖ్యేమీ కాదు.

జీతం సంగతి కూడా చెప్పాలి. ట్రేడ్స్‌మ్యాన్ మేట్‌కు మూల వేతనం నెలకు రూ. 18,000తో, ఫైర్‌మన్‌కు రూ. 19,900తో, చార్జ్‌మన్‌కు రూ. 35,400తో మొదలవుతుంది. దాని మీద డీఏ, ఇంటి అద్దె, సెలవులు, వైద్యం. మా దగ్గర ఐటీఐ పాసైన కుర్రాడికి భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు, జనరేటర్లు చూసే పని దొరుకుతుంది. రాత్రంతా మేలుకోవాలి. కరెంటు పోయి రొయ్య తేలిపోతే తప్పు వాడిదే. వైరస్ వచ్చి చెరువు ఖాళీ అయితే ఆ నెల జీతం అడగడానికే వాడికి మొహమాటం. ఇది వద్దనుకున్నవాడు అప్పు చేసి కువైటో, మస్కటో పోతాడు. వరి మీద బతకొచ్చా అంటే, 2011లో కోనసీమ రైతులే మా వల్ల కాదని క్రాప్ హాలిడే ప్రకటించారు. కౌలు రైతు కొడుక్కి పొలం ఎటూ లేదు.

ఓడ పని మాకు కొత్తదీ కాదు. కోరంగి, తాళ్లరేవు తీరంలో ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టేవారు. 1839 తుపాను కోరంగి రేవును నాశనం చేసినా ఆ చేతి పని వెంటనే పోలేదు. నరసాపురం దగ్గర 17వ శతాబ్దంలోనే ఐరోపా వర్తకులకు ఓడలు కట్టి ఇచ్చారు. చరిత్ర చెప్పుకుంటే ఉద్యోగాలు రావని తెలుసు. మా పిల్లలకు చేతి పని రాదని ఎవరూ అనకూడదని చెబుతున్నాను, అంతే.

మరి అడ్డేమిటి? ఒక్కొక్కటే చెబుతాను.

1. పరీక్ష భాష. మా ఫిర్యాదుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

నేవీలో సివిలియన్ పోస్టులకు ఇన్‌సెట్ అనే పరీక్ష పెడుతున్నారు. 2024లో దాని ద్వారా 741 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అందులో ఫైర్‌మన్ 444, ట్రేడ్స్‌మ్యాన్ మేట్ 161. అంటే ఎక్కువ పోస్టులు పదో తరగతి, ఇంటర్, ఐటీఐ స్థాయివే. ప్రశ్నపత్రంలో నాలుగు భాగాలు: రీజనింగ్, జనరల్ అవేర్‌నెస్, లెక్కలు, ఇంగ్లీషు. ఇంగ్లీషు భాగం తప్ప మిగతా మూడూ ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఇస్తారు. తెలుగులో ఇవ్వరు.

దీని ఫలితం చూడండి. బిహార్‌లోనో ఉత్తరప్రదేశ్‌లోనో ఐటీఐ చదివిన కుర్రాడు మూడు భాగాలు తన సొంత భాషలో రాస్తాడు. అమలాపురం కుర్రాడు నాలుగుకు నాలుగూ పరాయి భాషలో రాయాలి. పోస్టు ఒకటే, కటాఫ్ ఒకటే, టైమూ ఒకటే. మోటారు స్టార్టర్‌కు చీకట్లో కూడా కనెక్షన్ ఇవ్వగలిగిన శిష్యులు నాకున్నారు. పడవలు ఎదురెదురుగా వచ్చే లెక్కను తెలుగులో అడిగితే నోటితో చెబుతారు. అదే లెక్క ఇంగ్లీషులో నాలుగు లైన్లు ఉంటే, ఏం అడిగారో తెలుసుకునేసరికే సగం టైమ్ అయిపోతుంది. హిందీ అబ్బాయిని మేం తప్పుపట్టడం లేదు. వాడికిచ్చిన వెసులుబాటు న్యాయమైనదే. మాకూ ఇవ్వండి అంటున్నాం.

ఇది కుదరని పనా? కుదురుతుందని కేంద్రమే చేసి చూపించింది. 2023 నుంచి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్సీ) ఎంటీఎస్ పరీక్షను, అంటే ఆఫీసుల్లో చిన్న పనులు చేసే సిబ్బంది పరీక్షను, ఇంగ్లీషు, హిందీతో పాటు తెలుగుతో కలిపి 13 ప్రాంతీయ భాషల్లో పెడుతోంది. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. రైల్వే పరీక్షలు అంతకుముందు నుంచే తెలుగులో ఉన్నాయి. 2025లో ఆర్మీ, నాలుగేళ్ల సర్వీసుకు తీసుకునే అగ్నివీర్ల రాత పరీక్షను 13 భాషల్లో పెట్టింది, అందులో తెలుగుంది.

అంటే తుపాకీ పట్టబోయేవాడు తెలుగులో రాయొచ్చు. స్పానర్ పట్టబోయేవాడు రాయకూడదు. ఎంటీఎస్ పోస్టు ఎస్ఎస్సీ ద్వారా వస్తే తెలుగు ఉంటుంది, అదే ఎంటీఎస్ పోస్టు నేవీ నోటిఫికేషన్‌లో వస్తే ఉండదు. దీనికి కారణం ఏమిటని అడిగితే ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కారణం ఉంటే చెప్పండి, వింటాం.

ఒక కార్యాలయంలో మాత్రం ఒకాయన నోటిమాటగా రెండు అభ్యంతరాలు చెప్పారు. ఇది అఖిల భారత సర్వీసు, ఎక్కడికైనా వెళ్లి పనిచేయాలి కదా అన్నారు. కానిస్టేబుల్ ఎక్కడికి వెళ్తాడండీ, కశ్మీరుకు వెళ్లడా? పనిలో చేరాక అక్కడి భాష నేర్చుకుంటారు. గల్ఫ్ వెళ్లిన మా వాళ్లు ఆరు నెలల్లో అరబ్బీ నేర్చుకుంటున్నారు. ఇక రెండోది, మీ రాష్ట్రంలో ఇప్పుడు ఇంగ్లీషు మీడియమే కదా అన్నారు. బడి పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పిల్లవాడు ఏ పేజీ చూసి చదివాడో ఆయనకు తెలియకపోవచ్చు, పాఠం చెప్పే మాకు తెలుసు. పైగా ఇంగ్లీషు భాగాన్ని తీసేయమని మేం అడగడం లేదు. అది ఉండాలి. ఓడ మీద మాన్యువల్ ఇంగ్లీషులోనే ఉంటుంది, అది చదవడం రావాలి. మిగతా మూడు భాగాల సంగతే మేం అడిగేది.

2. నోటిఫికేషన్ వచ్చినట్టే తెలియదు. 2024 ఇన్‌సెట్‌కు దరఖాస్తు గడువు జులై 20 నుంచి ఆగస్టు 2 వరకు. రెండు వారాలు. అప్పుడు మా దగ్గర సార్వా నాట్లు. కేంద్రం ప్రచురించే ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక ఇంగ్లీషు, హిందీ, ఉర్దూల్లో వస్తుంది, తెలుగులో రాదు. నోటిఫికేషన్ పీడీఎఫ్ పేజీలకు పేజీలు. అందులో కమ్యూనిటీ కోటా ఎక్కడుందో, వయసు సడలింపు ఎవరికుందో, ఏ కమాండ్ (నేవీ ప్రాంతీయ విభాగం) కోరుకోవాలో వెతికేసరికి నెట్ సెంటర్ వాడికి విసుగొస్తుంది. వాడు తోచింది కొట్టేస్తాడు. ఫొటో సైజు తప్పనో, పుట్టినతేదీ తప్పనో దరఖాస్తు పోతుంది. ఆడపిల్లలకు ఆ నోటిఫికేషన్‌లో ఫీజే లేదు. ఆ ఒక్క ముక్క తెలియక ఇంట్లో డబ్బు అడగలేక మానేసిన అమ్మాయిలున్నారు. నేవీ అంటే ఓడెక్కి నెలల తరబడి సముద్రంలో ఉండాలనుకుని ఆపిన తల్లులూ ఉన్నారు. డాక్‌యార్డులో సివిలియన్ ఉద్యోగం అంటే పొద్దున్న వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే పని అని వాళ్లకు చెప్పినవాళ్లెవరు?

3. అప్రెంటిస్ అనే మొదటి మెట్టు. విశాఖలో డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉంది. పదిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం మార్కులున్నవారు దానికి పోటీ పడొచ్చు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ట్రేడ్స్‌మ్యాన్ (స్కిల్డ్) పోస్టులను నేవీలో అప్రెంటిస్ చేసినవారి కోసమే పెట్టి నోటిఫికేషన్లు ఇస్తున్నారు. అంటే ఐటీఐ అయిన వెంటనే ఆ అప్రెంటిస్ దారి పట్టనివాడికి తర్వాత ఎంత పని వచ్చినా ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. మా పిల్లలు ఐటీఐ కాగానే దగ్గర్లో ఏ షోరూములోనో, రైస్ మిల్లులోనో అప్రెంటిస్‌కు కుదురుకుంటారు. స్టైపెండ్ వస్తోంది కదా అనుకుంటారు. మూడేళ్ల తర్వాత నోటిఫికేషన్ చూసి, సార్, నేను అప్రెంటిస్ చేశాను కదా అని నా దగ్గరికి వస్తారు. అది చెల్లదు బాబూ అని చెప్పడం నాకు బాధ.

అప్రెంటిస్ అయినవాళ్లందరికీ ఉద్యోగం ఇమ్మని అడగడం లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం అలా హామీ ఇవ్వదని మాకు తెలుసు. 2014 సవరణ ప్రకారం ప్రతి యాజమాన్యమూ తన దగ్గర శిక్షణ పొందినవారిని తీసుకోవడం గురించి ఒక విధానం పెట్టుకోవాలి. ఆ విధానం ఏమిటో, ఏడాదికి సుమారుగా ఎంతమందిని తీసుకోగలరో ముందే తెలుగులో చెబితే కుర్రాడు తన దారి తాను చూసుకుంటాడు.

4. బీసీ సర్టిఫికెట్ చిక్కు. ఇది కేంద్రం తప్పు కాదు, మన రాష్ట్ర శాఖలది. గ్రామ సచివాలయంలో అడిగితే రాష్ట్ర ఫార్మాట్‌లో కుల ధ్రువపత్రం ఇస్తారు. కేంద్ర ఉద్యోగానికి కావాల్సింది కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్. రాత పరీక్షలో గట్టెక్కి, పత్రాల పరిశీలనలో ఈ కాగితం తేడా వల్ల జనరల్‌లోకి తోసేస్తే వాడి కష్టమంతా గోదాట్లో కలిసినట్టే. వేరే రిజర్వేషన్ లేని పేద కుటుంబాలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రమైతే ఏడాదేడాదీ కొత్తది తీసుకోవాలి. తహసీల్దారు కార్యాలయాల్లో దీనికో బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

5. ఫైర్‌మన్ దేహదారుఢ్య పరీక్ష. 63.5 కిలోల మనిషిని ఎత్తుకుని 183 మీటర్ల దూరాన్ని 96 సెకన్లలో చేరాలి. 2.7 మీటర్ల కందకం దూకాలి. 3 మీటర్ల తాడు ఎక్కాలి. చివరిది విని మా దింపు కార్మికుడి కొడుకు నవ్వాడు. రోజూ కొబ్బరి చెట్లెక్కే ఇంట్లో పుట్టినవాడికి మూడు మీటర్లు ఒక లెక్కా? కానీ మనిషిని మోసుకుని పరిగెత్తడానికి సాధన కావాలి, చోటు కావాలి. దాళ్వా కోతల్లో మా ఊళ్లో ఉన్న ఒక్క గ్రౌండులో ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఇసుక బస్తా మోసుకుని ఏటిగట్టు మీద పరిగెత్తి సాధన చేస్తున్నారు. పైగా ఫైర్‌మన్‌కు ప్రాథమిక అగ్నిమాపక కోర్సు సర్టిఫికెట్ ఉండాలి. ఆ కోర్సు కోసం మా కుర్రాళ్లు ఊరు దాటి పోయి ప్రైవేటు సంస్థల్లో డబ్బు కడుతున్నారు. వాటిలో ఏది చెల్లుతుందో ఏది చెల్లదో ముందుగా చెప్పే దిక్కు లేదు.

బీఆర్‌ఓ పోస్టులకైతే పరీక్షలన్నిటికీ పుణె వెళ్లాలి. రాజమండ్రి నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ దొరికితే అదృష్టం, దొరక్కపోతే జనరల్ బోగీలో నిలబడి వెళ్లి మర్నాడు పరుగు పరీక్ష. అసలు కోనసీమ పిల్లలు రైలెక్కాలంటే ముందు రాజమండ్రికో సామర్లకోటకో బస్సు పట్టుకోవాలి.  

6. బ్రోకర్లు. సమాచారం లేనిచోటే వీళ్లు పుడతారు. డాక్‌యార్డులో మనోడున్నాడు, సగం ఇప్పుడు, సగం ఆర్డర్ చేతికొచ్చాక అంటాడు. తెల్ల చొక్కా, కారు, ఫోన్‌లో యూనిఫాం వేసుకున్న ఎవరితోనో దిగిన ఫొటో. తండ్రి నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. తల్లి మెడలోవి బ్యాంకుకు వెళ్తాయి. అశోక స్తంభం ముద్ర వేసిన ఆర్డర్ కాగితం వస్తుంది. దాన్ని పట్టుకుని గేటు దగ్గరికి వెళ్తే సెంట్రీ వెనక్కి పంపుతాడు. మా చుట్టుపక్కల ఇలా మోసపోయిన ఇళ్లున్నాయి. పరువు పోతుందని పోలీసుల దగ్గరికి వెళ్లరు. కుర్రాడు మాత్రం వీధిలోకి రావడం మానేస్తాడు. ఆ అప్పు తీర్చడానికి అక్కో చెల్లెలో గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్తుంది.

ఇందులో విచిత్రం ఏమిటంటే, 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్ సి పోస్టులకు, అంటే మేట్, ఫైర్‌మన్ లాంటి కింది స్థాయి పోస్టులకు, ఇంటర్వ్యూ అన్నదే లేదు. ఇంటర్వ్యూలో పైనుంచి చెప్పిస్తాను అని వాడు డబ్బు గుంజుతున్నది, అసలు లేని ఇంటర్వ్యూ పేరు చెప్పి. ఈ ఒక్క వాక్యం ప్రతి ఐటీఐ గోడ మీద రాయించి ఉంటే ఎన్ని ఇళ్లు బాగుపడేవో. మీ నోటిఫికేషన్లలో ‘దళారులను నమ్మవద్దు’ అని రాస్తారు. అదీ ఇంగ్లీషులో, హిందీలో.

7. తిరిగి వచ్చే అగ్నివీర్లు. నాలుగేళ్ల తర్వాత నూటికి 75 మంది బయటికి రావాలన్నది ఆ పథకం నిబంధన. వాళ్లకు రక్షణ శాఖ సివిలియన్ పోస్టుల్లో, కోస్ట్‌గార్డులో, రక్షణ రంగ ప్రభుత్వ కంపెనీల్లో 10 శాతం రిజర్వేషన్ ఇస్తామని 2022 జూన్‌లో ప్రకటించారు. మంచి మాట. దాన్ని అందుకోవాలంటే ఏ పోస్టు, ఏ అర్హత, ఏ పరీక్ష అన్నది సర్వీసులో ఉండగానే చెప్పాలి. మాధవరం లాంటి ఊళ్లకు ఇది రేపటి సమస్య కాదు, ఇంటి ముందున్న సమస్య.

ఇక మా డిమాండ్లు. మర్యాదగానే అడుగుతున్నాం, కానీ జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.

రక్షణ శాఖకు: తర్వాత వచ్చే ఇన్‌సెట్‌తో మొదలుపెట్టి, పది, ఇంటర్, ఐటీఐ అర్హతతో తీసుకునే సివిలియన్ పోస్టులన్నిటికీ ప్రశ్నపత్రం తెలుగులోనూ మిగతా ప్రాంతీయ భాషల్లోనూ ఇవ్వండి. ఎస్ఎస్సీ ఇప్పటికే చేస్తోంది, ఆ ఏర్పాటునే వాడుకోవచ్చు. కుదరదంటే ఎందుకు కుదరదో లిఖితపూర్వకంగా చెప్పండి. దరఖాస్తు గడువు కనీసం నెల రోజులు చేయండి. బీఆర్‌ఓ లాంటి నియామకాలకు దక్షిణాదిలో కనీసం ఒక కేంద్రం పెట్టండి. సికింద్రాబాద్‌లో మీకు స్థలం లేదనడానికి వీల్లేదు.

తూర్పు నౌకాదళ అధికారులకు: ప్రతి నోటిఫికేషన్‌తో పాటు ఒకటి రెండు పేజీల తెలుగు సారాంశం విడుదల చేయండి. అర్హత, వయసు, ఫీజు, పరీక్ష, కావాల్సిన కాగితాలు, ఇంటర్వ్యూ లేదన్న మాట, చాలు. ఏడాదికోసారి అమలాపురం, కాకినాడ, రాజమండ్రి, భీమవరం, నరసాపురం ఐటీఐలకు మీ అప్రెంటిస్ స్కూల్ నుంచి ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌ను పంపండి. పెద్ద అధికారి అక్కర్లేదు. మా పిల్లలకు కావాల్సింది ఉపన్యాసం కాదు, ఏ ట్రేడ్ తీసుకుంటే ఏ పని దొరుకుతుందో చెప్పే మనిషి. నకిలీ ఆర్డర్ కాగితాలు గేటు దగ్గరికి వచ్చినప్పుడు మనిషిని తిప్పి పంపేసి ఊరుకోకుండా పోలీసులకు మీరే ఫిర్యాదు చేయండి. బాధితుడు సిగ్గుతో చేయలేడు.

రాష్ట్ర ప్రభుత్వానికి: ప్రతి గ్రామ సచివాలయంలో కేంద్ర ఫార్మాట్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలను అడిగిన వారం రోజుల్లో ఇచ్చేలా చూడండి. డెల్టాలో ఒక్క ప్రభుత్వ ఐటీఐలోనైనా చెల్లే అగ్నిమాపక కోర్సు మొదలుపెట్టండి. తాడు, ఇసుక బస్తా, కందకం ఉన్న ఒక్క గ్రౌండు నియోజకవర్గానికి ఇవ్వండి. కోడిపందేల బరుల కోసం ఎకరాలకు ఎకరాలు చదును చేయగలిగిన జిల్లాల్లో ఇది కుదరదంటే మేం నమ్మం.

ఎంపీలకు: ఇది రాజకీయం కాదు. పరీక్ష భాష గురించి పార్లమెంటులో ఒక్క ప్రశ్న వేయండి. రక్షణ శాఖ సివిలియన్ పోస్టుల్లో ఎన్ని ఖాళీలున్నాయి, గత ఐదేళ్లలో ఏ రాష్ట్రం నుంచి ఎంతమంది ఎంపికయ్యారు, ప్రశ్నపత్రం ఏ భాషల్లో ఇచ్చారు అని అడగండి. ఆ జవాబు ప్రింటు తీసి మా ఐటీఐ నోటీసు బోర్డుకు మేమే అంటించుకుంటాం.

ఈ లేఖ కాపీని కలెక్టర్ల కార్యాలయాలకు కూడా పంపుతున్నాం. తర్వాతి నోటిఫికేషన్ వచ్చేలోగా జవాబు రాకపోతే, తల్లిదండ్రులందరం సంతకాలతో కలెక్టరేట్ల దగ్గర కూర్చుంటాం. ఎవరికీ ఇబ్బంది లేకుండా, రోడ్డు ఆపకుండా కూర్చుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
గోదావరి డెల్టా ఐటీఐ విద్యార్థుల తల్లిదండ్రుల తరఫున,
అమలాపురం

తా.క.: ఇది తల్లిదండ్రులకు. నేవీ సివిలియన్ దరఖాస్తు భారత నౌకాదళ అధికారిక నియామక వెబ్‌సైట్‌లోనే చేయాలి, ఇంకెక్కడా కాదు. 2024లో ఫీజు రూ. 295. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, మాజీ సైనికులు, ఆడపిల్లలకు అదీ లేదు. ఇంతకు మించి ఒక్క రూపాయి అడిగినవాడి ఫోన్ నంబరు రాసిపెట్టుకుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. పిల్లల పది మార్కుల జాబితా, ఆధార్‌లలో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.